ఆటల ఖాతాలకు దొంగల బెడద

బొమ్మ పోయినదని బాలుడేడ్చినచో పెద్దలు నవ్వి మరియొక బొమ్మ కొనియిత్తురు. ఫోనులోని ఆటఖాతా పోయినదని నేటి బాలుడేడ్చినచో నవ్వుటకు కూడ పెద్దలకు తీరిక లేదు. ‘పీడ వదలినది, ఇంక చదువుకొనుము’ అని తమ పనిమీద తాము పోవుచున్నారు. ఈ యుపేక్ష యెంతటి యనర్థమునకు దారితీయుచున్నదో మన పట్టణ గృహస్థు లింకను గుర్తించినట్లు కానరాదు. ఆట మంచిదా, చెడ్డదా యను తర్కమును మేమిచ్చట చేయబోము. ఆ తర్కమునకు పత్రికలలో కొదువ లేదు. ఆటగాండ్రు కోట్లకొలది యున్నారు. వారి ఖాతాలను దోచువారును పెక్కండ్రున్నారు. దోపిడికి లోనైనవానికి దిక్కెవ్వరు? నేడు మేము వ్రాయదలచినది దీనిని గూర్చియే.

విశాఖపట్టణములోని ద్వారకానగరు సంగతియే తీసికొందము. ఆర్టీసీ కాంప్లెక్సునకు చేరువనున్న యీ పేట దుకాణములకును, శిక్షణ కేంద్రములకును ఆలవాలము. శ్రీకాకుళమునుండి, విజయనగరమునుండి, మన్యమునుండి వచ్చిన విద్యార్థు లిచ్చటి వీథులలో నెల్లప్పుడు కనబడుదురు. నగరపు పౌర గ్రంథాలయమును ఇచ్చటనే కలదు. పగలెల్ల పోటీపరీక్షల పుస్తకములు ముందు వేసికొని కూర్చున్న యువకులే సాయంకాలమున టీ దుకాణముల యొద్ద నలుగురైదుగురు గుమిగూడి, తలలు వంచి, ఫోనులలో యుద్ధములు చేయుచుందురు. ఇంటికి దూరముగా హాస్టలు గదిలో నుండు కుర్రవానికి అది చౌకయగు వినోదము. చెదరిన స్నేహితులను కలుపు రచ్చబండ. వానిని మేము నిందింపము. వాని తండ్రి కాలమున వీథిచివర క్యారమ్సు బల్ల చేసిన పనినే నేడీ యాట చేయుచున్నది. భేదమేమన, క్యారమ్సు బల్లను దొంగ యెత్తుకొనిపోయినచో ఆ బల్ల మాత్రమే పోయెడిది.

ఆటలోని ఖాతాను కుర్రవాండ్రు ‘ఐడీ’ యందురు. రెండు మూడేండ్లు రాత్రింబవళ్లు ఆడి సంపాదించిన అంతస్తులు, తుపాకులకును దుస్తులకును తొడిగిన రంగులు, రూపాయలు పోసి కొనిన యూసీలు, డైమండ్లు, ఆటలో కూడిన మిత్రుల జాబితా, వారితో నడిపిన సంభాషణలు - ఇవియన్నియు నా యొక్క ఐడీలో నుండును. వాడుకలో నిది యాస్తి; అమ్మువారును కొనువారును కలరు. నిబంధనలలో మాత్ర మిది యాస్తి కాదు. ఇంచుమించుగా ప్రతి కంపెనీయు తన ఒడంబడిక పత్రములో, ఖాతా యొరులకు బదిలీ చేయరానిదనియు, లోపలి వస్తువులు ఆటగానికి వాడుకొనుటకు మాత్రమే యీయబడినవనియు వ్రాసికొనియున్నది. ఆ పత్రమును చదివినవాడు వేయింటి కొక్కడుండునో లేదో! సొమ్ము పుచ్చుకొనునపుడు ‘కొనుము’ అనుచు, పోయినపుడు ‘నీది కాదు’ అను వర్తకమును మన పెద్దబజారులో నెవడైన చేసినచో జనము వానిని దుకాణములో కూర్చుండనిత్తురా?

ఇది మన దేశమున పుట్టిన బెడద కాదు. 2011 ఏప్రిలులో సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ నెట్‌వర్కులో దొంగలు చొరబడిరి. సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరములు వారికి చిక్కెను. మూడు వారములకు పైగా ఆ వ్యవస్థ మూతపడియుండెను. 2015 డిసెంబరులో వాల్వ్ కంపెనీవారు, తమ స్టీమ్ అంగడిలో ప్రతిమాసమును దాదాపు 77,000 ఖాతాలు దొంగలపాలై కొల్లగొట్టబడుచున్నవని తామే ప్రకటించిరి. 2019లో జింగా కంపెనీయొద్దనుండి 17 కోట్లకు పైబడిన ఖాతాల సమాచారము పోయెను. 2020లో నింటెండో వారి 3 లక్షల ఖాతాలకు ముప్పు వాటిల్లెను. ఇవి పేరుమోసిన, ధనబలము గల సంస్థలు. వీరి కోటగోడలే బీటలు వారుచుండగా, ఊరు పేరు తెలియని అంగళ్లలో దింపుకొనిన ఆటలకు కాపలా యెట్టిదో పాఠకులే యూహింతురుగాక.

వాల్వ్ వారి ప్రకటనలో గమనింపదగిన మాట యొకటి యున్నది. ఆటలోని వస్తువులను ఒకరికొకరు మార్చుకొను వీలు కల్పించిన పిమ్మటనే యీ దొంగతనములు పెచ్చుపెరిగినవని వారు వ్రాసిరి. వెలగల వస్తువెచ్చట నున్నదో దొంగయు నచ్చటనే యుండును. బంగారము లేని యింటికి కన్నము వేయువాడుండడు గదా.

ఇక దొంగ యే దారిని వచ్చుచున్నాడో చూతము. గోడకు కన్నము వేసి వచ్చువారు అరుదు. తలుపు తట్టి, మనచేతనే గడియ తీయించుకొని వచ్చువారే యెక్కువ. ‘ఉచితముగా యూసీలు, డైమండ్లు ఇచ్చెదము, ఈ లింకు నొక్కుడు’ అని యొక సందేశము వచ్చును. నొక్కినంతనే, ఫేస్‌బుక్కు ప్రవేశద్వారమునో గూగులు ప్రవేశద్వారమునో పోలిన పుట యొకటి తెరచుకొనును. రంగులవియే, అక్షరములవియే, చిరునామాలో మాత్రము ఒక యక్షరము తేడా. కుర్రవాడు పేరును పాస్‌వర్డును వ్రాయును. అంతటితో సరి. మరికొందరు, గోడల వెనుకనున్న శత్రువును గూడ చూపెడి ‘హ్యాకు’ను, అంతులేని నాణెములిచ్చు ‘మోడు’ను దింపుకొందురు. ఎదుటివానిని మోసగింపవలెనను నాశతో తెచ్చుకొనిన యా పరికరము, తెచ్చుకొనినవానినే ముందుగా మోసగించును. అందు దాగిన దొంగసరకు, ఫోనులోని సందేశములను చదువును. కంప్యూటరైనచో బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను, లోనికి ప్రవేశించియున్న వానికి గుర్తుగా నుండు చీటిని కూడ తస్కరించును. ఈ చీటి చిక్కినచో దొంగకు పాస్‌వర్డుతో పనిలేదు, ఓటీపీతోను పనిలేదు. ఇంటివాడు లోపల నుండగనే ఇంటివాడై తిరుగును.

మూడవ దారి మన సోమరితనము. ఆటకును, ఈమెయిలునకును, రైలు టిక్కెట్టునకును, బ్యాంకునకును ఒక్కటే పాస్‌వర్డు పెట్టుకొనువారెందరో కలరు. ఒకచోట చిల్లుపడి బయటికి వచ్చిన పేరులను పాస్‌వర్డులను పోగుచేసి, దొంగలు యంత్రముచేత నూరు ద్వారములలో ప్రయత్నింతురు. ఎక్కడో మరచిపోయిన యొక పాత వెబ్‌సైటులో పోయినది యిక్కడి యింటికి చేటగును. జింగా వంటి చోట్ల పోయిన సమాచారము నేటికిని ఇట్లే పనికివచ్చుచున్నది.

నాలుగవది స్నేహము. ‘నీ ఐడీ యిమ్ము, నేనాడి అంతస్తు పెంచి యిచ్చెదను’ అనువానికిచ్చుట; పాత ఐడీని వేయి రూపాయలకో రెండువేలకో అపరిచితునికి అమ్ముట, అపరిచితునియొద్ద కొనుట. కొనినవాడు పాస్‌వర్డు మార్చుకొని నిశ్చింతగా నుండును. నెల తిరుగకమునుపే అమ్మినవాడు మొదటి ఈమెయిలును సాక్ష్యముగా చూపి, ఖాతాను మరల తనవైపు లాగికొనును. ఈ బేరమే నిబంధనలకు విరుద్ధము గావున కొనినవాడు కంపెనీతో మొరపెట్టుకొనజాలడు. దొంగను తేలు కుట్టినట్లుండును వాని స్థితి.

ఒక ముచ్చట చెప్పెదము. కంప్యూటరునకు పాస్‌వర్డు పెట్టు వాడుక అమెరికాలోని ఎంఐటీ విద్యాలయమున ఫెర్నాండో కార్బటో నాయకత్వమున 1961 ప్రాంతమున మొదలైన సామూహిక యంత్రవ్యవస్థతో వచ్చినది. మరుసటి యేడే, అచ్చటనే పరిశోధన చేయుచున్న ఆలన్ షెర్ అను నాతడు, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, పాస్‌వర్డుల జాబితా నంతయు ముద్రింపించుకొని, ఇతరుల పేరుతో పనిచేసికొనెను. దశాబ్దముల తరువాత ఆ సంగతి నాతడే చెప్పుకొనెను. పాస్‌వర్డు పుట్టిన మరునాడే పాస్‌వర్డు దొంగతనమును పుట్టినదన్నమాట! తాళమునకును దొంగకును గల బాంధవ్యము మన చావడిలోనైనను వారి విద్యాలయములోనైనను ఒక్కటే.

‘ఆటఖాతాయే గదా, పోనిమ్ము’ అను పెద్దలకు మా మనవి యిది. ఆ ఖాతా యొంటరిగా నుండదు. ఆటలోనికి పోవుటకు కుర్రవాడు వాడినది ఫేస్‌బుక్కు ఖాతానో గూగులు ఖాతానో. గూగులు ఖాతా పోయినచో ఈమెయిలు పోయినది. ఈమెయిలు పోయినచో దానికి కట్టుబడియున్న పాస్‌వర్డులన్నియు మార్చుకొను వీలు దొంగకు వచ్చినది. అందులోనే కుటుంబపు ఛాయాచిత్రములు, పరీక్షల దరఖాస్తులు, ఆధారు కార్డు నకలు గలవు. పెక్కు మధ్యతరగతి యిండ్లలో బాలుడాడుకొను ఫోను తండ్రిది. ఆ ఫోనులోనే యూపీఐ కలదు. బ్యాంకునుండి ఓటీపీ వచ్చునదియు నా నంబరునకే. ఆటకొరకు దింపిన మోడు, ఓటీపీని గూడ చదివినచో, పోవునది యూసీలు కావు, నెలజీతము. అంతేకాదు. ఖాతాలోని మిత్రుల జాబితా దొంగ చేతిలోనికి పోవును. ‘ఒరేయ్, అర్జెంటుగా రెండువేలు పంపురా, రేపిచ్చెదను’ అని స్నేహితుని పేరుతో సందేశము వచ్చినచో హాస్టలు కుర్రవాడు శంకించునా? తన ఖాతా పోగొట్టుకొనినవాడు, తనకు తెలియకయే, పదుగురి కొంప ముంచుటకు పనిముట్టగుచున్నాడు.

పందెపుటాటల సంగతి వేరుగ చెప్పవలయును. పేకాటలో రమ్మీ నేర్పుతో కూడిన యాటయని సుప్రీముకోర్టువారు 1968లో చెప్పినది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాదిగా నున్న వ్యాజ్యములోనే. సికిందరాబాదు క్లబ్బులోని ముక్కలాట దానికి మూలము. ఆ తీర్పు నీడలో ఆన్‌లైను రమ్మీ దేశమంతట వర్ధిల్లినది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను 1974 నాటి జూదనిరోధక చట్టమును సవరించి పందెముల యాన్‌లైను ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. ఆగస్టు 22న దానికి రాష్ట్రపతి ఆమోదము లభించెను. అట్టి యాటలను నడుపువారికి మూడేండ్లవరకు కారాగారము, కోటి రూపాయలవరకు జరిమానా అందు విధింపబడినవి. పందెము లేని యాటలకును, ఈ-స్పోర్ట్సు పోటీలకును ఆ చట్టమే చేయూత నొసగుచున్నది. నిషేధమును మేము హర్షించితిమి. జీతపురాళ్లను రమ్మీలో పోగొట్టుకొని ప్రాణములు తీసికొనినవారి యిండ్లను తెలుగుదేశము చూచినది.

కాని హర్షముతో కన్నులు మూసికొనరాదు. మన రాష్ట్రములలో నిషేధమున్న కాలమున గూడ, ఫోను తానెచ్చట నున్నదో చెప్పు గుర్తును తారుమారు చేసి, పరరాష్ట్రపు చిరునామాతో ఆడినవారు లేకపోలేదు. అట్టివాని ఖాతాలోని సొమ్మును దొంగ కాజేసినచో వాడు ఠాణాకు పోగలడా? 2020 నాటి సవరణలో ఆడినవానికి గూడ ఆరుమాసములవరకు శిక్ష యున్నది. దొంగ కా సంగతి బాగుగ తెలియును. నోరు విప్పజాలనివానిని దోచుట యెల్ల దొంగతనములలో సుకరమైనది. 2025 నాటి చట్టము నడుపువారిని, ప్రకటనలు చేయువారిని దండించునదే గాని ఆడినవానిని నేరస్థునిగా చూచునది కాదు. ఇది వివేకముతో కూడిన మార్పు. రాష్ట్రచట్టమును గూడ ఆ దారికి తెచ్చుట మంచిది. మరియొక ప్రశ్న. పందెపుటాటల కంపెనీలు ఆటగాండ్రనుండి పాన్ నంబరును, ఆధారును, బ్యాంకు ఖాతాను గైకొనినవి. వ్యాపారము మూసివేసిన కంపెనీల యొద్ద ఆ కాగితములేమగుచున్నవి? వానికి కాపలా యెవ్వరు? ‘మీ పాత ఖాతాలోని సొమ్ము తిరిగి యిచ్చెదము’ అని రేపొకడు ఫోను చేసినచో, వాని చేతనున్న వివరములు నిజమైనవే యైనచో, నమ్మనివాడెవ్వడు? ప్రభుత్వమువారు ఈ కాగితముల లెక్క యడుగవలయును.

నిషేధమున కింకొక నీడ కలదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినపుడు పబ్జీ అందులో నొకటి. 2021 జూలైలో అదియే బీజీఎంఐ యను పేరుతో మన దేశమునకు వచ్చెను. 2022 జూలైలో మరల తొలగింపబడెను. 2023 మేలో మరల వచ్చెను. ఫ్రీ ఫైరు 2022 ఫిబ్రవరిలో నిషేధింపబడెను. దేశరక్షణకై చేసిన నిర్ణయములను మేము తప్పుపట్టము. ఐనను అంగడి మూసినంతనే ఆకలి తీరదు గదా! గూగులు అంగడిలో దొరకని యాటను కుర్రవాండ్రు టెలిగ్రాము సమూహములలో, పేరులేని వెబ్‌సైటులలో వెదకికొనిరి. మూసిన అంగడికి ప్రక్కసందులో దొంగసరకు పరచుకొని కూర్చుండువానికి అంతకంటె మంచి యదను లేదు. నిషేధించిన దినముననే ‘బయటి సరకు దింపుకొనకుడు, ఇందువలన నిట్టి కీడు గలుగును’ అని తెలుగున పాఠశాలల గోడల కంటించియున్నచో కొంత మేలు జరిగియుండెడిది.

దొంగ యెవడు? దూరదేశపు తెల్లవాడో పసుపువాడో యని మనవారనుకొందురు. 2024 మే మాసములో విశాఖపట్టణము పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వృత్తాంతము ఆ భ్రమను పోగొట్టినది. డేటా ఎంట్రీ యుద్యోగములని చెప్పి, దళారులు సొమ్ము పుచ్చుకొని, మన యువకులను కాంబోడియాకు పంపిరి. అచ్చట వారిని బంధించి, స్వదేశస్థులనే ఫోనులలో మోసగించు పనికి నియోగించిరి. కాదన్నవారికి హింస. తుదకు వారు తిరుగబడిరి. ఆ నెలలోనే కొందరు విశాఖకు తిరిగి వచ్చిరి. కొలువు లేని తెలుగువాడు తెలుగువాని కొంప కూల్చు పనిముట్టుగా మారుటకంటె జాతికి పరాభవమేమున్నది? పూర్వము కూలీలను నావలలో నెక్కించి రంగూనుకును, మారిషసునకును, ఫిజీకిని పంపిన దళారుల సంతతి చచ్చిపోలేదు. చెరకుతోట స్థానమున కంప్యూటరు తెర వచ్చినది. ఖాతాల భద్రతను గూర్చి మాటలాడువారు నిరుద్యోగమును గూర్చియు మాటలాడక తప్పదు.

ఈ పట్టణమునకే చెందిన వేరొక సంగతి. 2019 డిసెంబరులో, తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖతో సంబంధమున్న గూఢచర్యపు వ్యవహారములో, నౌకాదళ సిబ్బంది కొందరు పట్టుబడిరి. సామాజిక మాధ్యమములలో స్త్రీల పేరిట పరిచయము చేసికొనినవారికి నౌకల సంచారమును తెలిపిరని అభియోగము. ఆ మాసాంతముననే నౌకాదళమువారు తమ స్థావరములలోను నౌకలలోను స్మార్టుఫోనులను, ఫేస్‌బుక్కును నిషేధించిరి. ఆటలలోను అపరిచితులతో మాటలాడు వీలున్నది. చెవిలో మాటలాడుచు కలిసి యుద్ధము చేసినవానిని కుర్రవాడు మిత్రుడనియే నమ్మును. రేవును, నౌకానిర్మాణశాలను, ఉక్కు కర్మాగారమును, నౌకాదళమును ఒడిలో పెట్టుకొనిన పట్టణములో, తండ్రి పనిచేయు చోటును గూర్చి కొడుకు ఆటలో నెవనితో నేమి చెప్పుచున్నాడన్నది చిన్న సంగతి కాదు.

ఇక బాధ్యత యెవరిది? మొదట కంపెనీలది. నిన్నటివరకు విశాఖలో తెరువబడిన ఖాతా నేడు క్రొత్త ఫోనులో, పరదేశములో తెరువబడి, గడియలో పాస్‌వర్డు, ఈమెయిలు, ఫోను నంబరు మూడును మారుచున్నచో, అది దొంగతనమని యంత్రమునకు తెలియదా? తెలియును. అట్టి మార్పును మూడు దినములు నిలిపియుంచి, పాత చిరునామాకు తెలుపుట కష్టము కాదు. వస్తువుల బదిలీని కొన్నిదినములు నిలిపియుంచు పద్ధతిని స్టీమ్ వారెప్పుడో పెట్టిరి. మన దేశమున కోట్లు గడించు కంపెనీలు తెలుగున ఫిర్యాదు స్వీకరించుటకు మనుష్యుని నియమింపజాలవా? ఫిర్యాదు చేసినవానికి ప్రాణములేని యంత్రపుటుత్తరము ఆంగ్లములో వచ్చుటయే నేటి మర్యాద. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతి కావలెననుచున్నది. సమాచారమును కాపాడనివారికి 250 కోట్ల రూపాయలవరకు జరిమానాకు వీలు కల్పించినది. చట్టము కాగితముమీద పదునుగనే యున్నది. మొదటి వ్రేటు ఎవరిమీద పడునో చూడవలసియున్నది.

రెండవది ప్రభుత్వము. సమాచార సాంకేతిక చట్టములోని 66సీ విభాగము, ఒకని పాస్‌వర్డును మోసముతో వాడుకొనుటను నేరముగా నెంచి మూడేండ్లవరకు శిక్ష విధించుచున్నది. 66డీ, కంప్యూటరు సాయముతో మారుపేరున వంచించువానికి అంతే శిక్ష విధించుచున్నది. ఆటఖాతా కీ విభాగములు వర్తింపవని యెచ్చటను వ్రాయలేదు. ఐనను పదునారేండ్ల బాలుడు ఠాణాకు పోయి ‘నా ఐడీ పోయినద’ని చెప్పినచో వానికి దొరకునది సానుభూతి కాదు, మందలింపు. అందు పోలీసుల తప్పు కొంత. చట్టము తప్పు కొంత. ఈ చట్టము క్రింద ఇన్‌స్పెక్టరు స్థాయికి తక్కువైనవారు దర్యాప్తు చేయరాదు. పట్టణమునంతటికి వేళ్లమీద లెక్కింపదగిన ఇన్‌స్పెక్టర్లు లక్షలు పోయిన వ్యాజ్యములు చూతురా, బాలుని డైమండ్లు చూతురా? దర్యాప్తు అధికారమును శిక్షణ పొందిన సబిన్‌స్పెక్టర్లకు గూడ ఇచ్చుట యవసరము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నేరవిచారణ సంహిత ప్రకారము, నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెను. ఈ సంగతి నెరిగి యడుగువారుండవలెను. సొమ్ము పోయినచో 1930 నంబరునకు తత్క్షణమే ఫోను చేయవలెను. జాగు చేసినకొలదియు సొమ్ము చేతులు మారిపోవును. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వద్వారమునను ఫిర్యాదు వ్రాయవచ్చును.

మూడవది యిల్లు. ఇందు మేము చెప్పునది కొంచెమే, కాని అది చేయబడినచో తొంబదిపాళ్లు దొంగ వెనుదిరుగును. ఈమెయిలునకు, బ్యాంకునకు, ఆటకు వేర్వేరు పాస్‌వర్డు లుండవలెను; నాలుగైదు పొంతనలేని తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో కూర్చినది పొడుగైనను మరపునకు రాదు, దొంగ యంత్రమునకు సులభముగ చిక్కదు. రెండవ గడియ తప్పక పెట్టవలెను. అది ఫోను సందేశముకంటె ప్రత్యేకమైన యాప్ ద్వారా వచ్చు సంఖ్యయైనచో మేలు, సిమ్మును దొంగలించువానికది చిక్కదు గనుక. అట్లు పెట్టునపుడిచ్చు అత్యవసర సంఖ్యలను కాగితముమీద వ్రాసి బీరువాలో పెట్టవలెను. ఓటీపీ యడుగువాడెవడైనను, స్నేహితుని గొంతుతో నడిగినను, దొంగయే. నెట్ సెంటరులో నాడినచో బయటికి వచ్చునపుడు ఖాతానుండియు బయటికి రావలెను. కొనిన యూసీలకు వచ్చిన రశీదులను దాచవలెను. ఖాతా తనదని కంపెనీకి నిరూపించుటకు పనికివచ్చు సాక్ష్యములలో నవి ముఖ్యములు. ఖాతా పోయినచో మొదట ఈమెయిలు పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరములనుండి ఖాతాను బయటికి నెట్టి, పిమ్మట మిత్రులకు చెప్పి, అటుపై కంపెనీకి వ్రాయవలెను. మనవారు దీనిని తలక్రిందులుగా చేయుదురు. ముందు కంపెనీకి వ్రాసి యుత్తరమునకై కనిపెట్టుకొని యుందురు. ఈలోపల దొంగ ఈమెయిలును గూడ దిగమ్రింగును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది తండ్రి మొగము. కుర్రవాడు లింకు నొక్కిన గడియలోనే తనకు మోసము జరిగినదని పలుమారు గ్రహించును. కాని ఇంట చెప్పుటకు జంకును. ‘ఎవరాడమన్నారు?’ అను కేక వానికి ముందే వినబడును. ఆ జంకులో గడచిన ఒక రాత్రి దొంగకు చాలును. తిట్టదలచినచో రేపు తిట్టవచ్చును. నేడు ఫోను చేయవలెను. ఈ మాట వ్రాయుటకు మాకు సంకోచమైనను, దొంగకు మన యిండ్లలోనున్న నమ్మకమైన బంటు మన కోపమేయని చెప్పక తప్పదు.

2025 అక్టోబరు 14న గూగులువారు విశాఖలో ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల వ్యయముతో కృత్రిమ మేధకు కేంద్రమును, సముద్రగర్భపు తంత్రులు ఒడ్డుచేరు తావును నెలకొల్పెదమని ప్రకటించిరి. 1933లో ఓడలకు తెరువబడిన రేవుపట్టణము, ఇంక సమాచారమునకును రేవు కానున్నది. సంతోషము. ఓడరేవునకు సుంకపుఠాణా, దీపస్తంభము, దారిచూపు పడవ యున్నట్లే యీ క్రొత్త రేవునకును తగిన కాపలా కావలయును. పదివేల కోట్ల యంత్రశాలల నడుమ, పాస్‌వర్డనగానేమో తెలియని జనము నివసించుట వింతగాదా?

ఇందుకు ప్రభుత్వమువారి యుత్తరువునకై కనిపెట్టుకొని యుండనక్కరలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు, చదువురానివారికి పత్రిక చదివి వినిపించుటను గూడ గ్రంథాలయపు పనిగానే యెంచిరి. నేడు పత్రిక చదువగలవారు సైతము ఫోనును చదువలేక మోసపోవుచున్నారు. ద్వారకానగరు పౌర గ్రంథాలయమువారు, ఆ ప్రక్కనున్న శిక్షణ కేంద్రములవారు కలిసి, వారమున కొక గంట, ఆదివారము సాయంకాలమైన మేలు, ఒక బల్లయు ఇద్దరు చదువుకొనిన విద్యార్థులను నియమింపవలెను. వచ్చినవాని ఫోనునకు రెండవ గడియ పెట్టియిచ్చుట, తెలియని యాప్‌లు తీసివేయుట, పోయిన ఖాతాకు ఫిర్యాదు తెలుగున వ్రాసిపెట్టుట - ఇంతియే పని. సైబరు ఠాణావారు నెలకొకమారు ఒక యుద్యోగిని పంపినచో మంచిది. వేసవి సెలవులలో బాలురు రోజంతయు ఫోనులతో గడుపుదురు. ఈ బల్లలు ఆ సెలవులకు ముందే వేయబడవలెను. వేసినవారు మాకు కబురు చేసినచో, వేళయు స్థలమును ఈ పత్రికలో వెల లేకయే ప్రకటింతుము.